మలేషియా వెళ్ళొచ్చిన నా ఎడమకాలు

ఆగస్టు 4, సోమవారం

శుభారంభం! ఉదయం ఆఫీసులో మా ఇంజినీరు నిశాంత్ నా ఎడమకాలికి ట్యాగ్ బిగించి తాళం వేశాడు. పదిహేను రోజులు తీయను. స్నానానికీ తీయను, నిద్రకీ తీయను. ఒట్టు!

సింగపూర్ సైన్స్ పార్క్‌లో మా చిన్న కంపెనీ తయారుచేసేది ఇదే. ఓ దూరదేశంలో కాగితాలు తేలని వలసవాళ్ళను నిర్బంధ కేంద్రంలో పెట్టే బదులు, కాలికి ఇది కట్టి ఇంటికి పంపేస్తారట. ఎక్కడున్నారో అధికారులకు ఎప్పటికప్పుడు తెలిసిపోతుంది. జైలు కన్నా ఎంత నయం!

బ్రోచర్ రాసేది నేను. "పెట్టుకున్నట్టే తెలియదు" అన్న ఒక్క వాక్యం, పెట్టుకున్న మనిషి సంతకంతో కావాలన్నారు బాస్ సుధాకరరావుగారు. కొనేవాళ్ళు పద్దెనిమిదిన వస్తున్నారు.

"నేనే పెట్టుకుంటాను సార్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అక్టోబరులో నా వర్క్ పాస్, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, రెన్యువల్ ఉంది. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

హద్దు: సింగపూర్ మొత్తం. దేశం దాటితేనే అలారం. ఇంకేం కావాలి!

ఆగస్టు 5

తేలిగ్గా ఉంది. చార్జింగ్ ఒక్కటే చిక్కు. విప్పకూడదు కాబట్టి కాలికి వైరు తగిలించుకుని ప్లగ్ దగ్గర రెండు గంటలు కూర్చోవాలి. మా బిషాన్ ఫ్లాట్‌లో ఖాళీ ప్లగ్ వంటింట్లోనే ఉంది. స్టూలేసుకుని స్టవ్ పక్కన కూర్చున్నాను. పుస్తకాలు చదువుకోవచ్చు! మంచి అలవాటు!

"కుక్కరూ నువ్వూ, ఎవరు ముందు కూస్తారు?" అన్నాడు మా ఆయన భరద్వాజ్. పట్టించుకోలేదు.

ఆగస్టు 7

పక్కకు తిరిగితే ఎముకకు ఒత్తుకుంటోంది. సాక్సు వేశాను. రైల్లో ఒకాయన నా కాలు చూసి, లేచి సీటిచ్చాడు. గౌరవమో భయమో అర్థం కాలేదు. కూర్చున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం

వుడ్‌ల్యాండ్స్‌లో తారాదేవి ఆంటీ ఇంట్లో పేరంటం. వాళ్ళ బాల్కనీలోంచి చూస్తే జలసంధి అవతల మలేషియాలోని జోహోర్ కనిపిస్తుంది. పేరంటంలో కాళ్ళకు పసుపు రాస్తారన్న సంగతి పట్టుచీర కట్టుకునేటప్పుడైనా నాకు తట్టలేదు!

కుడికాలు అయింది. ఎడమకాలి దగ్గర ఆంటీ చెయ్యి ఆగింది.

"ఇదేం పట్టీ అమ్మాయ్, ఇంత నల్లగా ఉంది?"

నేను నోరు తెరిచేలోపు నా కాలే ఇంగ్లీషులో, గట్టి ఆడగొంతుతో జవాబు చెప్పింది: మీరు హద్దు దాటారు, వెంటనే మీ అధికారిని కలవండి అని.

హాల్లో శనగలు నమలడం ఆగిపోయింది.

"అమ్మా, యువర్ లెగ్ కెన్ టాక్ లా!" అంది రెండో క్లాసు చదివే మా అమ్మాయి నిఖిల, ఇక్కడి యాసలో.

ఫోన్ మోగింది. నిశాంత్.

"మేడమ్, జోహోర్ ఎందుకెళ్ళారు?"

"వెళ్ళలేదయ్యా! ఆంటీ వాళ్ళ సోఫాలో ఉన్నాను."

"సిస్టమ్‌లో మలేషియాలో చూపిస్తోంది."

"పసుపు కాళ్ళతో బోర్డర్ దాటానా?"

ఆంటీ నా చెవిలో అడిగింది. "పాస్ అయిపోయిందా తల్లీ? మాతో చెప్పుకోవచ్చుగా. మా తమ్ముడికి తెలిసిన లాయరున్నాడు." తాంబూలంలో అందరికీ ఒక రవికె ముక్క, నాకు రెండు.

రైల్లో తెగ నవ్వుకున్నాను. బిషాన్ స్టేషన్ వచ్చేసరికి నవ్వు ఆగింది. ఇదే ఆ దేశంలో ఒక మనిషికి జరిగితే ఫోన్ చేసి అడిగే నిశాంత్ ఉండడు. నేరుగా వచ్చి తలుపు కొడతారు.

ఆగస్టు 9

పేరంటం వాట్సాప్ గ్రూపులో రాశాను: ఆఫీసు పని, నేనే పెట్టుకున్నాను అని. జవాబుగా దండం బొమ్మలు వచ్చాయి. వరసగా.

నిన్న పేరంటానికి వచ్చిన నూకాలమ్మ ఆంటీ పులిహోర తెచ్చింది. మాట్లాడినంతసేపూ నా కాలు తప్ప ఇల్లంతా చూసింది.

సాయంత్రం నిఖిల స్నేహితురాలి అమ్మ మెసేజ్ పెట్టింది. పుట్టినరోజుకి ఈసారి ఇంట్లోవాళ్ళమేనట, ఏమీ అనుకోవద్దట. నిఖిల ఏడ్చి పడుకుంది. 

ఆగస్టు 10, ఆదివారం

చర్మానికి గాలి తగలాలి కదా. డాక్టర్లు కూడా అదే అంటారు. నిశాంత్‌ని బతిమాలి తాళం తెచ్చుకున్నాను. ఒక్క పూటే! ఒంటి వేడి తగలకపోతే ట్యాగ్ గోల చేస్తుంది, అందుకని భరద్వాజ్ కాలికి పెట్టాను. నేను నిఖిలతో ఈతకొలనుకు వెళ్ళాను. స్వర్గం!

ఆగస్టు 11

నిశాంత్ మెల్లగా అడిగాడు. "మేడమ్, నిన్న సాయంత్రం ముర్తబాక్ కొట్టు దగ్గర అంతసేపు ఉన్నారేంటి?"

మటన్ కూరిన పరోటా! శ్రావణమాసం. మా ఇంట్లో మాంసం బంద్.

ఇంటికెళ్ళి భరద్వాజ్‌ని నిలదీశాను.

"లొకేషన్ తప్పు చూపించి ఉంటుంది" అన్నాడు. "నువ్వు మలేషియా వెళ్ళలా?"

ఆగస్టు 13

ట్యాగ్ సొరుగులో ఉంది. నిశాంత్ అలారం ఆపేశాడు. సోమవారం నుంచి గట్టిగా మొదలుపెడతాను. వారం మధ్యలో ఏదీ కలిసిరాదు.

ఆగస్టు 15

మీటింగు రోజు పెట్టుకుంటే చాలు. ఎవరికి తెలుస్తుంది?

ఆగస్టు 18, సోమవారం

బాస్ బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి "పెట్టుకున్నట్టే తెలియదు", కింద నా పేరు. రెండోది నా పాస్ రెన్యువల్, ఆయన సంతకం కోసం.

పెన్ను తీశాను. ఆ వాక్యం కొట్టేసి రాశాను: "ఆరు రోజులు పెట్టుకున్నాను. తాళం దొరకగానే విప్పేశాను. సింగపూర్‌లో ఉన్న నన్ను ఇది మలేషియాలో చూపించింది."

"ఉజ్వల గారూ, ఇది ప్రకటనా, ఫిర్యాదా?"

"మీరు పెట్టుకుని మీ వాక్యం మీరు రాయండి సార్."

అనేశాను! కొనేవాళ్ళకిచ్చే ఫైల్లో ఆ కాగితమే పెట్టాను.

కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అలారం ముందు ఎవరికి వెళ్తుంది?"

"మీకే" అన్నాడు నిశాంత్.

"ఆ మనిషికి ఎవరు ఫోన్ చేస్తారు?"

అలాంటి ఏర్పాటే లేదు. అది సరిచేసి నెలలో మళ్ళీ చూపించమని వెళ్ళిపోయారు. ఆర్డర్ రాలేదు, పోలేదు.

అందరూ వెళ్ళాక సుధాకరరావుగారు కుర్చీలో కూర్చుని ప్యాంటు మడిచారు. "బిగించవయ్యా నిశాంత్."

ఆగస్టు 19, మంగళవారం

పాస్ కాగితాలు సంతకంతో నా బల్ల మీదికి వచ్చాయి. 

నేనూ మళ్ళీ బిగించుకున్నాను, ఇది మొదటి రోజు! ఈసారి ఖాయం. రెండు తాళాలూ నిశాంత్ దగ్గరే, నిశాంత్ పెళ్ళిచూపులకని నెల్లూరు వెళ్ళడానికి విమానం ఎక్కేశాడు.

మధ్యాహ్నం బాస్ ట్యాగుకీ నా ట్యాగుకీ ఒకేసారి చార్జింగ్ అయిపోయింది. మీటింగ్ రూమ్‌లో పనిచేసే ప్లగ్ ఒక్కటే.

"సీనియారిటీ ప్రకారం నాదే ముందు సార్" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని నా వెనకాల వరసలో కూర్చున్నారు.