గొంతు కస్టమ్స్‌లో ఉంది

జూన్ 4

గొంతు బొంగురుపోయింది. రోజంతా వాగితే పోక ఏమవుతుంది. విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్ళకి ఫోన్ చేసి, మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇంత డ్యూటీ పడింది, కడితేనే వస్తుంది అని చెప్పడం నా ఉద్యోగం. పన్ను వేసింది ప్రభుత్వం, కొన్నది వాళ్ళు, తిట్లు మాత్రం మధ్యలో ఉన్న కొరియర్ కంపెనీకి. అంటే నాకు. ఇవాళ ఒకావిడ ఎంతోకొంత తగ్గించమని బేరమాడింది. ఒకాయన ఆ షూస్ నువ్వే తొడుక్కో అన్నాడు. సైజెంతో అడగాలనిపించింది. కాల్ రికార్డవుతుంది కాబట్టి ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన ఏదో అడిగితే తలూపి ఊరుకున్నాను. అలిగాననుకున్నాడు. అనుకోనీ.

జూన్ 5

ఒక పార్సిల్. పేరు ఒకావిడది, నంబర్ ఆవిడ భర్తది. నేను కంపెనీ పేరు చెప్పీ చెప్పకముందే, నీలాంటివాళ్ళని చాలామందిని చూశానని ఫోన్ పెట్టేశాడు. పెద్దాయన గొంతు. మామూలే. చాలామంది మమ్మల్ని దొంగలనే అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. పార్సిల్ ఆగింది, లింక్ పంపిస్తాం, డబ్బు కట్టండి, ఐడీ ఫోటో పెట్టండి. దొంగలూ అచ్చం ఇవే చెప్తారు. మా దగ్గర వాళ్ళు నేర్చుకున్నారో, వాళ్ళ దగ్గర మేం నేర్చుకున్నామో.

జూన్ 6

ఆ పెద్దాయనకి మళ్ళీ చేశాను. ఈసారి ఓపిగ్గా విన్నాడు. అంతా విని, నీకు తల్లి ఉందా అమ్మా అని అడిగాడు. ఉందన్నాను. నువ్వీ పని చేస్తున్నట్టు ఆవిడకి తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఛీ అని పెట్టేశాడు.

చిర్రెత్తుకొచ్చింది. ఇంతకీ ఆ బాక్సులో ఏముందో చూద్దామని ఇన్‌వాయిస్ తెరిచాను. ఎలక్ట్రోలారింక్స్ అని ఉంది. టీమ్ లీడ్‌ని అడిగితే కీబోర్డ్ లాంటిదేమో అన్నాడు. నెట్‌లో వెతికాను. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసినవాళ్ళు మెడకి ఆనించుకుని మాట్లాడే మెషిన్ అట. చిన్న టార్చిలైటంత ఉంటుంది.

ఆవిడ గొంతు మా గోడౌన్‌లో ఉంది.

జూన్ 8

మా కంపెనీలో ఇంకో రూలుంది. పార్సిల్ ఎవరి పేరున వస్తే వాళ్ళే రికార్డింగ్ లైన్ మీద, నోటితో, డ్యూటీ కట్టడానికి ఒప్పుకుంటున్నానని చెప్పాలి. కట్టేశాక మేమెప్పుడు ఒప్పుకున్నామని కొందరు కేసులేశారు, అప్పట్నుంచి ఇది. మెసేజ్ చెల్లదు. భర్త చెప్పినా చెల్లదు.

ఇవాళ పెద్దాయన ఎత్తగానే అలవాటుకొద్దీ, మేడమ్‌కి ఒకసారి ఫోనిస్తారా అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను. ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆవిడకి మాట రాదట. పాత మెషిన్ బట్టలు నానబెట్టిన బకెట్లో పడి పాడైపోయిందట, కొత్తది వచ్చేదాకా ఇంట్లో మాటే లేదట. ఆ సంగతి కూడా తెలుసుకుని మరీ ఫోన్లు చేస్తున్నారు, అసలు మీరు మనుషులేనా అన్నాడు. పోయినేడాది ఇలాగే పార్సిల్ ఆగిందని చెప్పి ఎవరో ఆయన అకౌంట్ ఊడ్చేశారట.

నేను నోరు తెరిచేలోపు పెట్టేశాడు. బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను. వచ్చి తర్వాతి కాల్ చేశాను.

జూన్ 9

టీమ్ లీడ్‌కి చెప్పాను. గొంతు లేని మనిషి నోటితో ఎలా ఒప్పుకుంటుంది సార్, ఆ గొంతు మన దగ్గరే ఉంది కదా అని. ఆయన కుర్చీలో కాసేపు అటూ ఇటూ ఊగి, నిజమే గానీ సిస్టమ్‌లో అలాంటి ఆప్షన్ లేదన్నాడు. పైవాళ్ళకి మెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను. సాయంత్రానికి జవాబొచ్చింది, కస్టమర్‌తో మాట్లాడించి కేసు క్లోజ్ చేయమని. పదిహేడో తేదీ దాటితే పార్సిల్ పంపినవాళ్ళకే వెనక్కి వెళ్ళిపోతుందట.

మాట్లాడించాలట. దేంతో మాట్లాడించను, నా తలకాయతోనా.

జూన్ 11

పెద్దాయన మా ఆఫీసు నంబర్ బ్లాక్ చేశాడు.

జూన్ 12

మా ఆయన తెప్పించుకున్న హెడ్‌ఫోన్స్ వచ్చాయి. డ్యూటీ కట్టి, ఇది దోపిడీ కాకపోతే మరేంటని తింటున్నంతసేపూ నన్నే నిలదీశాడు. ఆ పన్నంతా నా పర్సులో పడుతున్నట్టు. వినడానికి ఈయనకి ఇది మూడో జత. నోరు విప్పితే గొడవవుతుందని గిన్నెలు చప్పుడయ్యేలా కడిగాను.

తర్వాత నా సొంత ఫోన్ నుంచి పెద్దాయనకి చేశాను. గొంతు గుర్తుపట్టేశాడు. ఇప్పుడు ఇంకో నంబర్ నుంచి మొదలెట్టావా, పోలీస్ కంప్లైంట్ ఇస్తానన్నాడు. ఇవ్వండి, వాళ్ళయినా మీకు నచ్చజెప్తారన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. నాకేం పట్టింది, పోతే పోనీ అనుకున్నాను. అనుకుని ఊరుకోలేకపోతున్నాను.

జూన్ 14, ఉదయం 9

సెలవు. నిన్న ఫైల్లోంచి వాళ్ళ అడ్రస్ రాసుకొచ్చాను. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మా ఆయనకి కూరగాయలకని చెప్పి వెళ్తున్నాను.

జూన్ 14, సాయంత్రం 6

మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఆవిడే తలుపు తీసింది. సన్నగా, పొడుగ్గా ఉంది, మెడకి పలచటి గుడ్డ చుట్టుకుంది. ఎవరు కావాలని పెదాలతో అడిగింది. శబ్దం రాదు కానీ మాట తెలిసిపోతుంది. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో, లోపల్నుంచి పెద్దాయన నా గొంతు గుర్తుపట్టి పరుగున వచ్చాడు. ఇంటిదాకా వచ్చేశావా అన్నాడు. ఐడీ కార్డు చూపిస్తే, ఇలాంటివి ఏ జిరాక్స్ షాపులో అయినా చేసిస్తారన్నాడు. నేను ఆయనతో పెట్టుకోలేదు. ఆవిడకే చెప్పాను, మొదట్నుంచీ అన్నీ.

ఆవిడ తిరిగి ఆయన వైపు చూసింది. ఆయన ఒక్క ఫోన్ సంగతి కూడా ఆవిడకి చెప్పలేదని అప్పుడర్థమైంది నాకు. ఆర్డర్ పెట్టింది ఆవిడే, ఎవరి సాయం లేకుండా. పార్సిల్ ఇంకా దారిలోనే ఉందనుకుని రోజూ కిటికీ దగ్గర కూర్చుంటోందట. ఎవరో దొంగలు, చెప్తే వచ్చేసిందని ఆశపడుతుంది, ఎందుకులే అని దాచాడట ఈయన.

ఇక తిట్టింది చూడాలి. చిన్న చప్పుడు లేదు. పెదాలూ, చేతులూ, కళ్ళూ. నేను గోడకున్న కేలెండర్ చూస్తూ నిలబడ్డాను. మొగుణ్ణి అంత బాగా తిట్టడం నాకు ఇంత నోరుండీ రాదు.

ఆయన నోట్లు తెచ్చాడు, అవి తీసుకుని నా కార్డుతో కడతానన్నాను. ఇచ్చేముందు నన్ను ఐడీ మొహం పక్కన పెట్టుకుని నిలబడమని వీడియో తీశాడు. నవ్వమనలేదు, అదొక్కటే తక్కువ.

మిగిలింది రికార్డింగ్ లైన్ మీద ఒప్పుకోవడం. మా టోల్‌ఫ్రీ నంబర్ నేను చెప్తే నమ్మడు. ఎప్పటిదో పాత కొరియర్ కవరు వెతికి, దాని మీదున్న నంబర్ కొట్టాడు. నేను చెప్పిందీ అదే అని చూసుకుని కాస్త చిన్నబోయాడు. ఫోన్ నాకిచ్చాడు. ఎత్తింది మా పక్క సీటు పిల్ల. పేరడిగింది. ఆవిడ పేరు చెప్పాను. డ్యూటీ కట్టడానికి ఒప్పుకుంటున్నారా అంది. ఒప్పుకుంటున్నానన్నాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఎదురుగా నిలబడి అవే మాటలు పెదాలతో అంటోంది. నా మణికట్టు పట్టుకుంది, నొప్పెట్టేంత గట్టిగా. మాట ఆవిడదే. చప్పుడొక్కటే నాది. ఎవరడిగినా ఇదే చెప్తాను.

టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. కూరగాయలు తేవడం మర్చిపోయాను.

జూన్ 16

టీమ్ లీడ్ పిలిచి ఆ కాల్ ప్లే చేశాడు. ఇదెవరని అడిగాడు. కస్టమర్ అన్నాను. కస్టమర్‌కీ మీకూ ఒకేసారి గొంతెలా బొంగురుపోయిందన్నాడు. సీజన్ అలా ఉంది సార్ అన్నాను. నవ్వలేదు. పార్సిల్ అప్పటికే రిలీజై బండెక్కింది, దాన్ని మాత్రం ఆపమనలేదు. నాకు మెమో. మూడు నెలలు ఇన్సెంటివ్ కట్. ఇంకోసారి జరిగితే ఇంటికే.

బాగా అలిసిపోయాను. తప్పు చేశానని మాత్రం అనిపించట్లేదు.

జూన్ 17

డెలివర్డ్ అని చూపిస్తోంది.

జూన్ 18

మెమో సంగతి మా ఆయనకి చెప్పాను. చీవాట్లు పెడతాడనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి మొత్తం విన్నాడు. ఇవాళ టీ ఆయనే పెట్టాడు. చక్కెర వేయలేదు. తాగేశాను.

జూన్ 22

మధ్యాహ్నం నా సొంత ఫోన్‌కి కాల్ వచ్చింది. ఎత్తూ పల్లం లేని మెషిన్ గొంతు, జుయ్‌మంటూ, నమస్కారమండీ అంది. ఏదో లోన్‌వాళ్ళ రికార్డింగ్ అనుకుని కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను.

నంబర్ ఆ తర్వాత చూశాను, పెద్దాయనది. తిరిగి చేస్తే బిజీ. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను, బిజీయే. ఎంతమందికి చేసుకుంటోందో. అందులో ఎంతమంది నాలాగే కట్ చేశారో.