కుటుంబ వివరాల గడి

బలసముద్రం,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు ఓబులేశ్‌కు అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, అమ్మ ఆరు గొర్రెలు క్షేమం. అక్కడ సరిహద్దులో నువ్వు మంచులో స్వెటర్ లేకుండా తిరగడం లేదని నమ్ముతున్నాను.

అమ్మ కన్ను గురించి అడిగావు. ఆపరేషన్ బాగా జరిగింది. తుమకూరు ఆసుపత్రిలో కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, ఇట్ల బక్కచిక్కినావు!" అంది. మొన్న సోలార్ కరెంటు ప్లాంటు కంచె దాకా నడిచి, ఒకప్పుడు మన వేరుశనగ పండిన చోట ఆ సోలార్ పలకల వరసలన్నీ లెక్కపెట్టి వచ్చింది. నేను రెండు వారాలు సెలవు పెట్టాను. కూతురు బెంగళూరు మిలిటరీ ఆఫీసులో సూపర్‌వైజరని అమ్మ ఊరంతా చాటింది. పక్కింటి రంగక్క అయితే, "తుపాకీ ఇచ్చినారా పాపా?" అని అడిగింది. సిపాయిల సెలవులు, బదిలీలు, కుటుంబ వివరాలు సరిచూసే ఎనిమిది మంది గుమాస్తాలకు పెద్దనని, నా చేతిలో ఉన్నది రబ్బరు స్టాంపేనని చెబితే ఆమె ముఖం చిన్నబోయింది.

ఇక నీ అసలు ప్రశ్న. "ఇంటి దగ్గర పోస్టింగు కోసం పెట్టుకున్న అర్జీని ఎవడో తిప్పి పంపినాడు. నువ్వు ఆ ఆఫీసులోనే ఉండావు కదా, వాడెవడో కనుక్కోలేవా అక్కా?" అని రాశావు. ఇంతసేపూ నాన్చాను. తిప్పి పంపించింది నేనేరా.

నీ అర్జీ నా బల్ల మీదికే వచ్చింది. కుటుంబ వివరాల గడిలో 'మా తల్లికి నేను తప్ప వేరే సంతానం లేదు' అని రాశావు. కింద పంచాయతీ మెంబరు ఆదినారాయణప్ప సంతకం. అబద్ధమనుకుని నువ్వు రాయలేదని తెలుసు. పెళ్లయిన ఆడపిల్లను లెక్కలో చేర్చకపోవడం మన ఊరి అలవాటు. అయినా ఆ గడిలో నేను లేకపోవడం చూసి ఏడుపొచ్చింది. రేపు ఎవరైనా పట్టుకుంటే నీ నౌకరీకే మచ్చ. అందుకే మా అధికారి దగ్గరికి వెళ్లి, "సార్, ఇతని అక్కను నేనే. ఈ కాగితం నేను చూడకూడదు" అని చెప్పేశాను. ఆయన వెనక్కి పంపారు. ఆ సంగతి నీకు రాసే ధైర్యం ఇన్నాళ్లూ లేకపోయింది. మన్నించు.

నిన్న అమ్మకు అంతా చెప్పాను. చెప్పులేసుకుని నేరుగా ఆదినారాయణప్ప ఇంటికి బయలుదేరింది.

"పెండ్లై పోయిన ఆడబిడ్డను యాడ రాసేది సుబ్బక్కా?" అన్నాడాయన.

"నన్ను ఆస్పత్రికి తీసకపోయింది ఎవురప్పా? నాకు ఇద్దరు బిడ్డలుండారు. ఇద్దర్నీ రాయి" అంది అమ్మ.

ఆయన అక్కడికక్కడే కొత్త కాగితం రాసిచ్చాడు.

ఆ కాగితం దీంతో పాటు పంపుతున్నాను. అక్క బెంగళూరులో ఉద్యోగం చేస్తోందని, అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటోందని ఉన్నదున్నట్టు రాసి మళ్లీ అర్జీ పెట్టు. అలాంటి వాళ్లకూ పోస్టింగు ఇస్తారు. ఎన్నో చూశాను. నీది వేరే సెక్షన్ చూస్తుంది, నేను వేలు పెట్టను. నువ్వొచ్చేదాకా అమ్మ దగ్గరికి నెలనెలా వస్తుంటాను.

పంచాయతీ కాగితంలో నా పేరు అమ్మ పట్టుబట్టి రాయించింది. అర్జీలో మాత్రం నీ చేత్తోనే రాయాలి.

ఇట్లు,
నీకంటే ముందు పుట్టిన నీ అక్క,
మంజుశ్రీ