ముక్కు ముందు, సబ్బు తర్వాత

ఆదివారం మధ్యాహ్నం

పానా మావయ్యకి,

మీ టార్చిలైటు నమస్కారాలు. మీరూ అత్తయ్యా కులాసాగా ఉన్నారనీ, మీ షెడ్డు రేకులు ఈ వానలకి కూడా కారకుండా నిలబడ్డాయనీ తలుస్తాను. ఇక్కడ అమ్మ, నాన్న, పెద్దావిడ, నేను బాగానే ఉన్నాం. నాకే కాస్త దగ్గు. ఎంతకీ తగ్గడం లేదు.

నా తెలుగు చూసి నవ్వకండి. బళ్ళో తెలుగు మాట్లాడితే క్లాసు బయట నిలబెట్టేవాళ్ళు. అందుకే నేను రాసే ఒత్తులు పక్క అక్షరం కిందికి వెళ్ళి కూర్చుంటాయి. ఇంగ్లీషులో రాస్తే నాకు సుఖమే గానీ, మీరు దాన్ని పక్కషాపాయన చేత చదివించుకుంటారు. ఇది మీరొక్కరే చదవాలి. ఫోన్ చేద్దామంటే మా రెండు గదుల ఇంట్లో ఎక్కడ మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. మీ నంబరు కూడా నాన్న తీసేశారు. మీ అడ్రసు మాత్రం తీసేయలేకపోయారు. మా బండికి గ్యాసు నింపే మూత పక్కన మీరు అతికించిన స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసే కవరు మీద రాస్తాను.

పెద్దావిడంటే మా ట్రక్కని మీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఆవిడని మళ్ళీ గ్యాసు మీద నడపబోతున్నారు మావయ్యా. నా చిన్నప్పుడు మీరు బిగించిన ఆ కిట్టుతోనే. పాత గ్యాసు బంకు మూతపడ్డాక ఇన్నాళ్ళూ పెట్రోలే పోస్తూ వచ్చాం. ఇప్పుడు మా రోడ్డు చివర కొత్త బంకు తెరిచారు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసి తెచ్చిందంతా పెట్రోలుకే పోతోందని నాన్న బాధ. నాకు హాస్టల్ ఉన్న కాలేజీలో సీటు వచ్చింది. సెలవులవగానే వెళ్ళాలి. ఈ తిప్పలన్నీ అందుకేనని నాన్న అనరు. నాకు తెలుసు.

ఇన్నాళ్ళూ ఆ సిలిండరు మాకు అటకలా పనికొచ్చింది. తాళ్ళు, పాత దుప్పట్లు, అమ్మ పారేయమన్న బకెట్టు, అన్నీ దాని మీదే. వాటిని దించి, సిలిండరు విప్పి టెస్టింగ్ సెంటరుకి తీసుకెళ్ళారు. వాళ్ళు లోపల నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి చూసి, గట్టిగానే ఉందని కొత్త ముద్ర కొట్టిచ్చారు. నాన్న ఆ ముద్రని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. నేను పరీక్ష పాసైనప్పుడు కూడా ఇంత సంబరపడలేదని అమ్మ అంది. రోజంతా క్యాంటీన్‌లో నిలబడి వండి వచ్చి నా కాళ్ళు లాగేస్తుంటే అడిగే దిక్కు లేదు, ఆవిడకి మాత్రం ఒళ్ళంతా నూనె పట్టిస్తున్నావు, నేను రెండో పెళ్ళాన్ని కాబోలు అని కూడా అంది. నాన్న ఇంజన్ కిందనుంచే, ఆవిడ ఎదురు మాట్లాడదు కదే అన్నారు.

పాత రబ్బరు పైపులు వంచగానే బిస్కెట్లలా విరిగాయి. వాటన్నిటికీ కొత్తవి వేశారు. సీటు కింద ఉండే రెగ్యులేటరు ఒక్కటీ మార్చలేదు. విప్పి, లోపలి రబ్బరు పొర తుడిచి, ఇంకా మెత్తగానే ఉంది, మీ మావయ్య వేసిన సరుకు ఊరికే పోతుందా అని మళ్ళీ బిగించేశారు. మీ పేరెత్తానని తర్వాత గుర్తొచ్చినట్టుంది, కాసేపు ముఖం ముడుచుకున్నారు. టార్చి పట్టుకున్నది నేనే. పొర అంచున సన్నటి గీత కనిపించింది. అది పగులేమో నాన్నా అన్నాను. మడతలే అన్నారు.

నిన్న గ్యాసు పట్టించి తెచ్చారు. పెట్రోలు నుంచి గ్యాసుకి మార్చే స్విచ్చి నొక్కితే దాని లైటు వెలగలేదు గానీ ఇంజన్ మాత్రం అందుకుంది. మొదట ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, తర్వాత మెల్లగా సర్దుకుంది. ఆ చప్పుడు మీకు గుర్తుందా? పెట్రోలు కంటే మెత్తగా ఉంటుంది. నాన్న స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. అలిసిపోయారంతే.

తర్వాత లీకులు చూశాం, మీరు నేర్పిన పద్ధతిలోనే. ముక్కు ముందు, సబ్బు తర్వాత. బండికంతా సబ్బు రాస్తే స్నానం అవుతుంది గానీ లీకు దొరకదు, ముక్కు పట్టిన చోటే నురగ పెట్టు అని మీరనేవారు కదా. నాన్నకి మీతో మాటల్లేవు గానీ మీ మాట మాత్రం వేదం. గ్యాసు నింపే మూత దగ్గరికి రాగానే కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. దుమ్ముకో ఏమో, నాకు దగ్గు వచ్చింది. నాన్న వెంటనే అక్కడే నురగ పెట్టారు. బుడగలు లేచాయి. బిగించారు, ఆగిపోయాయి. నాన్న ముక్కు గట్టిదే అనుకోండి.

చినుకులు మొదలైతే ఇద్దరం క్యాబిన్లోకి ఎక్కి అద్దాలు ఎత్తేశాం. ఇంజన్ వేడెక్కాక నా కాళ్ళ దగ్గరినుంచి మళ్ళీ అదే వాసన, సన్నగా. రెగ్యులేటరు ఉన్న చోటే. దగ్గు ఆగలేదు నాకు. అంతలో అమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. పొగలో కూర్చోబెట్టి పిల్ల ఊపిరితిత్తులు పాడుచేస్తున్నావా, నీకు బండి ముఖ్యమా పిల్ల ముఖ్యమా అని నాన్నని దులిపేసి నన్ను లోపలికి లాక్కెళ్ళింది. మందు తాగించి, తల మీద తువాలు కప్పి ఆవిరి పట్టించింది. నాన్న వచ్చి, పనైపోయింది, ఇంకెక్కడా వాసన లేదు, ఆవిడ నిండు నూరేళ్ళు బతుకుతుంది అనడం ఆ తువాలు కిందనుంచే విన్నాను.

భోజనాల దగ్గర ధైర్యం చేసి, సీటు కింద వాసన వచ్చింది నాన్నా అన్నాను. అమ్మ, నీకొచ్చిందా అని నాన్ననే అడిగింది. రాలేదన్నారు. ఇంత దగ్గుతో ముక్కు మూసుకుపోయి ఉంటే నీకేం తెలుస్తుందే, తిని పడుకో అని అమ్మ నన్నే కసిరింది. నాన్న కంచంలోకి చూస్తూ తిన్నారు.

శుక్రవారం పొద్దున్నే నాన్న ఒక కుటుంబం సామానుతో దూరం వెళ్తున్నారు మావయ్యా. పగలే కాదు, రాత్రంతా కూడా ఒక్కరే నడపాలి. ఈ వానకి అద్దాలు మూసే ఉంచుతారు. సిగరెట్లు మానేశానంటారు గానీ, నిద్ర ఆపుకోవడానికి దారిలో ఒకటి వెలిగిస్తారు. నేను కళ్ళు మూసుకుంటే చాలు, ఆ అగ్గిపుల్లే కనిపిస్తోంది. పుస్తకం తెరిచినా అదే.

మీరు శుక్రవారం లోపల రావాలి. స్విచ్చి లైటు వెలగడం లేదని అమ్మ చెబితే వచ్చానని అనండి. ఎలాగూ ఈ ఇంట్లో నేరాలన్నీ అమ్మ మీదే ఉంటాయి, ఇదొక్కటి బరువు కాదు. నేను రాశానని మాత్రం చెప్పొద్దు.

నాన్న మీ ముఖం చూడరేమోనని మీకు అనిపిస్తుంది. తెలుసు. పోయినసారి క్యాబిన్లో పెట్రోలు కారుతుంటే, ఏం బావా, ముక్కు ఎక్కడైనా తాకట్టు పెట్టొచ్చావా అని మీరు పదిమంది ముందు అన్నారు. అందరూ నవ్వారు. ఇక నా బండి మీద చెయ్యి వెయ్యకు అని నాన్న పానా విసిరేశారు. ఒక్క వేళాకోళానికి ఇంత పంతమా, మా వాళ్ళంటే మొదటినుంచీ చులకనే అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మీరే ఒక మెట్టు దిగండి మావయ్యా. నాకోసం.

ఇంక రాయలేను, చెయ్యి లాగేస్తోంది. అత్తయ్యకి నా నమస్కారాలు.

మీ మేనకోడలు,
టార్చిలైటు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. ఇది చెప్పకపోతే మీరు రారు, వచ్చినా నాన్న ఏ లీకూ లేదంటే నమ్మి వెళ్ళిపోతారు.

నాకు దగ్గు లేదు మావయ్యా. ఆ గొడవకి ముందు నాన్నకి జ్వరం వచ్చి తగ్గిందే, దాంతోపాటు వాసన కూడా పోయింది. మళ్ళీ రాలేదు. ఒకరోజు విరిగిపోయిన పాలు గ్లాసెడు తాగేసి బాగున్నాయన్నారు, అలా తెలిసింది. నేను చూశానని గమనించి, మీ అమ్మకెందుకులే అన్నారు. వాసన తెలియని డ్రైవరు చేతిలో సామాను ఎవరు పెడతారని భయం. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకున్నది ఆ ఒక్క మాటే. అప్పటినుంచీ ఏదైనా మాడినా, కారినా, కుళ్ళినా నేను దగ్గుతాను, ఆయన చూసుకుంటారు. ఇప్పుడు అమ్మ మందు పోసేసరికి ఇది నిజం దగ్గేనని నాన్న కూడా అనుకుంటున్నారు. లేదా అలా అనుకోవాలని ఉందేమో. ఒంటరిగా చూసి చెప్పబోతే, తర్వాత చూస్తాలే అని వెళ్ళిపోయారు. నేను అలిసిపోయాను. రేపు హాస్టల్‌కి వెళ్ళిపోతే ఎవరు దగ్గుతారు?

ఆ రోజు మీరన్నది వేళాకోళమే. కానీ మీకెవరో చెప్పేశారనుకున్నారు నాన్న. అందుకే పానా విసిరారు.

వచ్చాక ముక్కు మాటెత్తకండి. జాలిగా చూడకండి. నాన్న పక్కనే కూర్చుని అద్దాలు ఎత్తించి, ఇంజన్ వేడెక్కనివ్వండి. వాసన తగలగానే ఒక్కసారి దగ్గండి చాలు. సబ్బు గిన్నె ఆయనే తెచ్చుకుంటారు.