రాసింది మా ఆవిడే

శాన్ ఇరెనియో నుంచి

ప్రియమైన గ్రాసియెలాకి,

ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాసి బస్సు నడిపే డోన్ చోన్ చేతికివ్వు అన్నావు. ఇదేం చాదస్తమో నాకర్థం కాలేదు, అయినా రాస్తున్నాను. కొన్నాళ్ళుగా మీ పేపర్లో నీ పేరు కనపడటం లేదు. ఉద్యోగం ఊడిందా? మన ఊరి నీళ్ళ వ్యాసం కింద కూడా "సంపాదక బృందం" అని వేశారు. నా దగ్గరా దాపరికం? "కుళాయికి దాహం, బిల్లుకి వరద" అని రాయగలిగేది నువ్వు కాక ఇంకెవరు? ఊరి నీళ్ళు తన పశువుల దొడ్డికి మళ్ళించుకుని, ఇప్పుడు సెనేటుకి నిలబడ్డ ఆ పెద్దమనిషి మొహం చూడాలి! కొట్లో రొట్టెల కోసం వరసలో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను, "రాసింది మా ఆవిడే" అని. మైకులో ఊరి కబుర్లు చదివే డోన్యా క్రెసెన్సియా మాత్రం రొట్టెలు తీసుకుని, చిల్లర కూడా అడక్కుండా వెళ్ళిపోయింది. అసూయ కాబోలు.

ఓటుకి వస్తావుగా? గుమ్మడిపూల కూర చేస్తాను.

నీ లాలో

*

రాజధాని నుంచి

ప్రియమైన లాలోకి,

నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ పెళ్ళికి ముందే చెప్పింది. నేనే వినలేదు.

ఉద్యోగం ఊడలేదు. ఎన్నికలయ్యేదాకా ఎవరి పేరూ వెయ్యకూడదని మేమే అనుకున్నాం. మా విలేకరి వెన్సెస్లావోని పట్టపగలు కారులోంచి లాగి చెయ్యి విరిచారు. మా ఫోన్లు ఎవరో వింటున్నారు. ఆ వ్యాసం గురించి ఎవరడిగినా తెలీదను. అంతే. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు.

ఓటుకి తప్పకుండా వస్తాను. పూలకి కాడలు తీసి వండు.

నీ గ్రాసియెలా

*

ప్రియమైన గ్రాసియెలాకి,

నీ ఉత్తరం చదివాను. ఆ మర్నాడే ఇద్దరు కొత్తవాళ్ళు కొట్టుకొచ్చారు. రొట్టెలు కొని, "ఆ నీళ్ళ వ్యాసం మీ ఆవిడదేనటగా?" అన్నారు. తెలీదంటే నమ్మేలా లేరు. "గ్వాదలూపే దేవమాత మీద ఒట్టు, మా ఆవిడ కాదు. ఏదో గొప్పకి కూశాను" అనేశాను. ఆ తల్లి మీద దొంగ ఒట్టు వేశాను, చూడు నా బతుకు!

"మరైతే ఈ ఊళ్ళో రాయడం వచ్చినవాళ్ళెవర్రా?" అని ఒకడు రెండోవాణ్ణి అడిగాడు. ఇవాళ పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మైకు కూడా మోగలేదు, క్రెసెన్సియాకి జలుబట. ఏమైతేనేం, నువ్వు గట్టెక్కావు. పూలు తెచ్చి నీళ్ళలో ఉంచాను.

నీ లాలో

*

లాలో,

బస్సు ఆపి మరీ ఇది ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

ఆ వ్యాసం నాది కాదు. నీ వరసలో నిలబడే మనిషిది. పేరు రాయను. నువ్వు వేసింది నిజమైన ఒట్టే, అందుకే నాకు భయమేస్తోంది. నీ గొప్పలు నమ్మినన్నాళ్ళూ వాళ్ళు నా వంకే చూశారు. ఇక్కడ నాకు గుమ్మంలో కాపలా ఉంది, చుట్టూ మనుషులున్నారు. అక్కడ ఆ మనిషికి ఎవరున్నారు?

వెళ్ళి మళ్ళీ గొప్పలు చెప్పుకో. ఊరంతా వినేట్టు.

గ్రాసియెలా

*

ప్రియమైన గ్రాసియెలాకి,

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్పొద్దంటావు, చెప్పమంటావు. ఊరంతా వినాలంటే మనకి ఒకటే దారి కదా. మైకులో చదవాల్సింది కాగితం మీద రాసి పట్టుకుని క్రెసెన్సియా ఇంటికెళ్ళాను. తలుపు సందులోంచి తీసుకుని చదివింది. ఆవిడ మొహం చూశాక నాకు తెలిసింది. ఎవరో రాయను, నువ్వు వద్దన్నావుగా.

"నీకు మతిపోయిందా లాలో? ఇది చదివితే గ్రాసియెలా గతేంటి?" అంది.

"చదువమ్మా. ఇది దాని మాటే" అన్నాను.

మైకు మోగింది. "నీళ్ళ వ్యాసం రాసింది రొట్టెల లాలో భార్య గ్రాసియెలా. ఆ సంతోషంలో ఇవాళ కొట్లో రొట్టెలు ఊరికే ఇస్తారు."

ఆ ఇద్దరూ వచ్చారు. "మరి ఒట్టేశావే?" అన్నారు. "పెళ్ళాన్ని కాపాడుకోడానికి ఎవడు వెయ్యడు?" అన్నాను. నమ్మారు. రాజధాని రోడ్డెక్కి వెళ్ళిపోయారు.

అబద్ధమనుకుని నిజం మీద ఒట్టేశాను. నిజం తెలిశాక అబద్ధమాడాను. ఇందులో ఏది పాపమో నాకు అంతు చిక్కడం లేదు. నాకు చాలా భయంగా ఉంది. తలుపు గట్టిగా వేసుకో.

పూలు క్రెసెన్సియాకి ఇచ్చేశాను. గ్రాసియెలా, ఓటుకి రాకు.

నీ లాలో