గోడ మీద ఏడో తారీఖు

24 జూలై 1979, మంగళవారం

లచ్చిరాం తండా. ఇళ్ళు ముప్పై ఒకటి. జ్వరాలు రెండు. రక్తం స్లైడ్లు రెండు.

వాగు అవతలి తొమ్మిది ఇళ్ళలో తలుపు వెనుక గోడ మీది పట్టికలో నేటి గడితో పాటు, రెండు వారాల తర్వాతి రౌండుకు ఆగస్టు ఏడు గడిలోనూ ముందే తారీఖు వేసి సంతకం చేశాను. అప్పటికి వాగు పొంగుతుంది. రాలేకపోతే 'వాగు' అని రాస్తే చాలునని రూలే చెబుతోంది. కానీ పదకొండేళ్ళ నా మలేరియా సర్వీసులో ఒక్క గడిలోనూ సాకు రాయలేదు. అందరూ పొలాల్లో ఉన్నారు. ఎవరూ చూడలేదు.

7 ఆగస్టు

వాగు పొంగింది. నాలుగు మైళ్ళ ఎగువన వంతెన ఉంది. సంతకాలు ఎలాగూ ఉన్నాయి. తిరిగి వచ్చాను.

15 ఆగస్టు

బెస్ట్ వర్కర్ సర్టిఫికెట్. ఏడో తరగతితో బడి ఆగిపోయినవాడిని, నలభై ఆరో ఏట వేదిక ఎక్కాను. నా పట్టికల్లో ఒక్క ఖాళీ చూపించినవాడికి తన మీసం తీసి ఇస్తానని ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ గారు మైకులో సవాలు చేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

21 ఆగస్టు

వాగు తీసింది. తండాకు వెళ్ళాను.

వాగు అవతలి ధన్‌సింగ్ కూతురు, మూడేళ్ళది, పదో తారీఖున పోయింది. జ్వరం ఆరున మొదలైందట. ఏడున నేను వెళ్ళి ఉంటే మాత్రలు ఇచ్చేవాడిని.

ధన్‌సింగ్ ఇల్లందులో బొగ్గుబాయి మనిషి. ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు, ఇప్పుడు సెలవులో ఉన్నాడు. అంకెలు చదవగలడు. సార్ వచ్చిండు, తారీఖు ఏసి పోయిండు, నువ్వు యాడ తిరగబోయినవే అని భార్య హేమ్లిని నిలదీశాడట. సార్ రాలే, నేను ఇంట్లనే ఉన్న అని ఆమె ఎంత మొత్తుకున్నా వినక, పుట్టింటికి తరిమాడు.

మా ఇంటిదాని మాటలకు నువ్వేం అనుకోకు సార్ అని నా చేతులు పట్టుకున్నాడు.

నేటి గడిలో సంతకం చేసి బయటికి వచ్చాను.

22 ఆగస్టు

చేసే పనిలో గర్వం ఉండాలని కొత్తగా చేరినవారందరికీ చెబుతూ వచ్చాను. ఆ గర్వం లేనివాడైతే 'వాగు' అని రాసి ఊరుకునేవాడు. బిడ్డ దక్కేదో లేదో, హేమ్లి మాత్రం తన ఇంట్లో ఉండేది.

సర్టిఫికెట్‌ను ట్రంకు పెట్టె అడుగున బోర్లా పెట్టాను.

26 ఆగస్టు, ఆదివారం

చెప్పాను. ఏడున రాలేదని, ఆ సంతకం రెండు వారాల ముందటిదని.

ధన్‌సింగ్ నమ్మలేదు. ఊకో సార్, దాని సంసారం నిలబెట్టాలని అబద్ధమాడుతున్నవ్, నీ సంగతి నాకెర్క లేదా అన్నాడు. అతన్ని మిగతా ఎనిమిది ఇళ్ళకూ తీసుకువెళ్ళి అడిగించాను. వచ్చినవ్ సార్, ఎందుకు రాలే అని ఎనిమిది ఇళ్ళవారూ అన్నారు. ఒక ముసలమ్మ ఆ రోజు నాకు చాయ్ కూడా పోసిందట, చక్కెర ఎక్కువైందని నేను కసిరానట. ధన్‌సింగ్ అటు తిరగగానే నా చెయ్యి నొక్కి, నౌకరి పోతది, ఊకో కొడుకా అని గుసగుసలాడింది.

27 ఆగస్టు

ఇన్‌స్పెక్టర్ గారికి అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి, నాలుగు రోజులు సెలవు తీసుకోమన్నారు.

2 సెప్టెంబరు

హేమ్లి పుట్టింటికి నడిచి వెళ్ళాను. జరిగింది చెప్పాను. నన్ను నమ్మలే, నిన్ను నమ్మలే, ఇద్దరం ఒక్కతీర్గ అయినం గద సార్ అంది. నవ్వలేదు. రక్తం తీసుకోమని వేలు చాపింది. ఆమె ఒళ్ళు కాలిపోతోంది.

స్లైడు తీశాను. ఆ తండా నా రౌండులో లేదు, సంతకం చేయడానికి గడీ లేదు. జ్వరానికిచ్చే నాలుగు మాత్రలూ ఆమె మింగేదాకా అక్కడే కూర్చున్నాను.