మీ అక్క చెప్పిన కథలు

బావమరిదీ,

ఫోన్‌లో చెబితే మీ అక్క వింటుంది. అందుకే రాస్తున్నాను.

విండోస్ బదులు వాడమని నువ్వు పెన్‌డ్రైవ్‌లో పంపిన లైనక్స్ మా పాత కంప్యూటర్‌లో బాగానే నడిచింది. ఇన్‌స్టాల్ చేస్తారా, చేయకుండా వాడి చూస్తారా అని మొదట్లోనే తెర మీద అడిగింది. ఇన్‌స్టాల్ చేస్తే పాత ఫొటోలు చెరిగిపోతాయని భయపడి, వాడి చూడడమే నొక్కాను.

గొంతు ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పాడు కదా. నాలుగు రోజులు మీ అక్క కంప్యూటర్ ముందు కూర్చుని, పుట్టబోయే మనవడికో మనవరాలికో కథలు చెప్పి రికార్డు చేసింది. ఆస్పత్రికి బయల్దేరుతూ, కరెంటు దండగని, అప్పటిదాకా ఆపని కంప్యూటర్‌ని చేతులారా నేనే ఆపేశాను. తిరిగొచ్చి చూస్తే ఒక్క కథ లేదు.

"ఇన్‌స్టాల్ చేయకుండా వాడితే, ఆపగానే అన్నీ పోతాయండీ. చదవలేదా?" అన్నాడు రిపేరు షాపతను. చదివే బుద్ధే ఉంటే ఇంతదాకా ఎందుకు వస్తుంది.

మీ అక్క పలక మీద "నా గొంతు ఒకసారి వినిపించండి" అని రాసి రోజూ చూపిస్తోంది. కంప్యూటర్ రిపేరులో ఉందన్నాను. అడిగితే నువ్వూ అదే చెప్పు.

నీ ఫోన్‌లో అక్క మాట ఏదైనా మిగిలిందేమో వెతుకు. నన్ను తిట్టినదైనా ఫరవాలేదు.

మీ బావ