మూడుసార్లు అద్దిన బూడిద రంగు

ప్రియమైన అక్కకు,

ఈ వయసులో ఫ్యాషన్ డిజైన్ చదువేమిటని మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. పోయినసారి తప్పాను కాబట్టి ఆ నవ్వుకు బలం కూడా వచ్చింది. "కుట్టు బాగుందమ్మా, మీకు రంగే కనపడదు" అన్నారు మాస్టారు. ఈసారీ తప్పితే మానేస్తాను. పరీక్షకు ఎర్ర గౌను కుట్టాను. దాని మీదికి బావ అద్దకం దుకాణం నుంచి బూడిద రంగు స్కార్ఫ్ కావాలి. మరే ఛాయా ఉండకూడదు.

నీ చెల్లెలు

తా.క. ఏ రంగైనా పక్కనున్న రంగును బట్టి మారి కనిపిస్తుందట, మనుషుల్లాగే. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. కంఠతా పట్టాను.

చెల్లీ,

స్కార్ఫ్ పంపుతున్నాం. తొట్టిలోంచి తీసి "తోమిన స్టీలు గిన్నెలా లేదుటే?" అని మీ బావ ఒకటే మురిసిపోయాడు.

అక్క

తా.క. మీ ఆయన ఏ రంగు పక్కన నిలబడితే నయంగా కనిపిస్తాడో కూడా ఆ పుస్తకంలో చూడు.

అక్కా,

బావ ఏమీ అనుకోకపోతే ఒక మాట. పార్సెల్ విప్పి గౌను మీద పరిచి చూస్తే, ఆకుపచ్చగా ఉంది! కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మా ఆయన్ని పిలిస్తే "నాచు" అన్నారు. పెళ్ళయ్యాక మా ఇద్దరికీ ఒకే మాట మీద కుదరడం ఇదే మొదలు. తిప్పి పంపుతున్నాను.

చెల్లెలు

తా.క. తొట్టి కడుగుతారా?

చెల్లీ,

ఆ తా.క. చదివి మీ బావ భోజనం మానేశాడు. సాయంత్రానికి ఆకలేసి తేరుకున్నాడనుకో. ఇదిగో నీ గుడ్డ.

అక్క

తా.క. ఇదీ నచ్చకపోతే నీ పుస్తకం పంపమన్నాడు. దాన్నే తొట్టిలో ముంచుతాడట.

అక్కా,

ఎలా చెప్పను? మొన్నటి నాచు భయంతో ఎరుపు వదిలేసి ఆకుపచ్చ గౌను కుట్టుకున్నాను. దాని మీద వేస్తే ఇప్పుడు స్కార్ఫ్ గులాబీ! ఆకుపచ్చకు విరుగుడు ఎరుపని బావ ఇంత పోసేసినట్టున్నారు. తప్పు నాదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ కళ్ళెదుట కనబడుతుంటే ఎలా కాదనను?

చెల్లెలు

తా.క. మళ్ళీ తిప్పి పంపుతున్నాను, గులాబీ తీసేయమను. మరీ తీసేయొద్దు, నాచు బయటపడుతుంది.

అక్కా,

పాసయ్యాను! ఈసారి ఉత్తరం లేకుండా గుడ్డ ఒక్కటే వచ్చేసరికి భయమేసి, రంగుల జోలికే పోకుండా తెల్ల గౌను మీద వేశాను. అచ్చమైన బూడిద! "ఇప్పటికి మీకు రంగు కనబడింది" అన్నారు మాస్టారు. రాతపరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, పొల్లుపోకుండా రాశాను. నేను పట్టుబట్టబట్టే కదా బావకు రంగు కుదిరింది!

చెల్లెలు

తా.క. మూడోసారి ఏం కలిపారో అడుగు.

పాసైన చెల్లికి,

ఏమీ కలపలేదే తల్లీ. మొదటిసారి అద్దిందే. రెండోసారి అలిగి తొట్టి దగ్గరికే పోలేదు, "ఇస్త్రీ చేసి పంపు" అన్నాడు. మూడోసారి నాకు ఇస్త్రీకి కూడా ఓపిక లేకపోయింది. ఉత్తరంలో చెప్పేద్దామంటే, "పరీక్ష ముందు దాని ధైర్యం పోగొట్టకు" అని కలం లాక్కున్నాడు. మీ ఆయనతో మాత్రం అనకు.

అక్క

తా.క. సర్టిఫికెట్ ఎర్ర గోడకు తగిలించకు. ఆకుపచ్చగా ఉందని తిప్పి పంపేస్తావు.